వృషణంలో గడ్డ తగిలితే ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

వృషణ క్యాన్సర్ ఎక్కువగా వయసులో ఉన్నవాళ్లకు వస్తుంది. 15 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లే ఎక్కువ. మన దేశంలో ఇది అరుదు. ఏటా లక్ష మంది మగవాళ్లలో ఒకరికి కూడా రాదు. నార్వే, డెన్మార్క్‌లలో మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అరుదు కావడంతోనే అసలు చిక్కంతా. గడ్డ తగిలినవాడికి క్యాన్సర్ అన్న ఊహే రాదు, మొదట చూసిన డాక్టరుకూ ఒక్కోసారి తట్టదు. నయం కావడంలో మాత్రం ఇది క్యాన్సర్లన్నిటిలో ముందు వరసలో ఉంటుంది. వృషణం దాటకముందే పట్టుకుంటే నూటికి 99 మంది దాకా బతుకుతారు. కడుపులో లింఫ్ గ్రంథులకో, ఊపిరితిత్తులకో పాకాక కూడా చాలామందికి పూర్తిగా పోతుంది. ఈ జబ్బులో నష్టం జరిగేది చాలావరకు మందు లేక కాదు, పనులు వరుస తప్పి చేయడం వల్ల. అందుకే కింద చెప్పేవాటిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది గట్టిగా పట్టుకోండి.

చేత్తో ఎలా చూసుకోవాలి

వేడినీళ్ల స్నానం అయ్యాక చూసుకోండి, అప్పుడు వృషణాలుండే తిత్తి చర్మం వదులుగా ఉంటుంది. నిలబడి ఒక్కో వృషణాన్నీ విడిగా చూడాలి. బొటనవేలు పైన, చూపుడువేలు, మధ్యవేలు కింద పెట్టి మెల్లగా దొర్లించండి. మామూలు వృషణం పెంకు తీసిన ఉడకబెట్టిన గుడ్డులా నున్నగా, ఒకే మెత్తదనంతో ఉంటుంది. వెనకవైపు, పైభాగంలో మెత్తని తాడులాంటిది తగులుతుంది. అది వీర్యనాళిక, గడ్డ కాదు. మొదటిసారి చూసుకున్న చాలామంది దాన్ని పట్టుకునే హడలిపోతారు. ఒకటి కాస్త కిందికి వేలాడటం, ఒకటి కొంచెం పెద్దదిగా ఉండటం కూడా మామూలే.

అనుమానించాల్సినవి ఇవి: వృషణం ఒంట్లోనే బఠాణీ గింజంతో, అంతకన్నా పెద్దదో గట్టి ముద్ద ఉండటం, నొక్కినా నొప్పి లేకపోవడం, వృషణం మొత్తం గట్టిపడి బరువెక్కడం, పొత్తికడుపు కింద, గజ్జల్లో లాగుతున్నట్టు ఉండటం. జబ్బు పాకినవాళ్లలో నడుము నొప్పి, దగ్గు, ఆయాసం, రొమ్ములు ఉబ్బడం ముందు కనిపించవచ్చు. పాతికేళ్ల కుర్రాడికి ఎంతకీ తగ్గని నడుము నొప్పి ఉంటే వృషణాలు కూడా చూడమని డాక్టరుకు చెప్పడంలో సిగ్గేమీ లేదు.

ప్రతి మగవాడూ నెలనెలా చూసుకుంటే మరణాలు తగ్గుతాయని రుజువేమీ లేదు. అయితే మామూలుగా ఎలా ఉంటుందో చేతికి తెలిసి ఉంటే మారినప్పుడు పట్టుకోవచ్చు. చిన్నప్పుడు వృషణం కిందికి దిగనివాళ్లు, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చినవాళ్లు మాత్రం క్రమం తప్పకుండా చూసుకోవాలి. చిన్నతనంలో ఆపరేషన్ చేసి దించినా ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

వరిబీజం అని వదిలేయొద్దు

బోదకాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో తిత్తి వాచిందంటే ముందుగా వచ్చే మాట వరిబీజమే. చాలాసార్లు నిజంగా అదే అవుతుంది కూడా. వరిబీజంలో నీరు చేరుతుంది, చీకట్లో టార్చి వేస్తే వెలుతురు అవతలికి కనిపిస్తుంది. గట్టి గడ్డ గుండా వెలుతురు రాదు. అయితే ఈ టార్చి పరీక్షను నమ్ముకుని ఆగిపోవద్దు, ఎందుకంటే గడ్డ ఉన్న వృషణం చుట్టూ కూడా నీరు చేరుతుంది. పైన నీరు, లోపల గడ్డ రెండూ ఉండొచ్చు. స్కానింగ్ లేకుండా సూదితో నీరు తీయించుకోవద్దు, వరిబీజం ఆపరేషన్‌కూ ఒప్పుకోవద్దు.

రెండో పొరపాటు ఇన్ఫెక్షన్ అనుకోవడం. వాపు, నొప్పి ఉంటే యాంటీబయాటిక్ రాస్తారు, అది తప్పు కాదు. కోర్సు అయిపోయి రెండు వారాలైనా గట్టిదనం పోకపోతే మరో కోర్సు వేసుకోకుండా స్కానింగ్‌కు వెళ్లాలి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే అది వేరే సంగతి. వృషణం మెలిపడి ఉండొచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే దాన్ని కాపాడే అవకాశం ఎక్కువ. రాత్రయినా సరే ఎమర్జెన్సీకి పోవాలి.

యూరాలజిస్టు (మూత్ర, జననాంగాల డాక్టరు) దగ్గరకు వెళ్లండి. 'కింద ఏదో వాపు' అని గొణిగితే గిలకో (హెర్నియా), వరిబీజమో అనుకోవచ్చు. 'వృషణంలో గట్టి గడ్డ, నొప్పి లేదు, ఇన్ని వారాలుగా ఉంది' అని సూటిగా చెప్పండి.

ఆపరేషన్‌కు ముందే అయిపోవాల్సినవి

మొదటిది తిత్తికి డాప్లర్ అల్ట్రాసౌండ్ స్కానింగ్, రెండు వైపులా. ఓ మాదిరి పట్టణంలో కూడా దొరుకుతుంది. రిపోర్టులో మీరు చూడాల్సింది ఒక్కటే. గడ్డ వృషణం లోపల ఉందా, బయట ఉందా? బయట, వీర్యనాళికలో ఉన్న నీటితిత్తులు దాదాపుగా హాని లేనివి. వృషణం లోపలి గట్టి గడ్డను మాత్రం క్యాన్సర్ కాదని తేలేదాకా క్యాన్సర్‌గానే చూడాలి.

రెండోది రక్తంలో గడ్డ ఆనవాళ్లు చూపే మూడు మార్కర్లు: ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్. ఆపరేషన్‌కు ముందు రక్తం ఇవ్వకపోతే ఈ అవకాశం మళ్లీ రాదు. వృషణం తీసేశాక ఏఎఫ్‌పీ ఐదు నుంచి ఏడు రోజులకోసారి సగానికి పడిపోవాలి, హెచ్‌సీజీ ఒకటిన్నర నుంచి మూడు రోజులకోసారి. ఆ లెక్కన దిగకపోతే ఒంట్లో ఇంకా ఎక్కడో గడ్డ మిగిలి ఉందని అర్థం. ముందు ఎంత ఉందో తెలియకపోతే దిగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? పైగా గడ్డ ఏ రకమో చెప్పడంలోనూ ఇవే సాక్ష్యం. ఈ క్యాన్సర్లలో ముఖ్యంగా రెండు రకాలు, సెమినోమా, నాన్ సెమినోమా. అచ్చమైన సెమినోమా ఏఎఫ్‌పీని తయారుచేయదు. తీసిన వృషణాన్ని పరీక్షించినప్పుడు సెమినోమా అని వచ్చినా ఏఎఫ్‌పీ బాగా పెరిగి ఉంటే దాన్ని నాన్ సెమినోమాగానే వైద్యం చేస్తారు. మూడు మార్కర్లూ మామూలుగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదు, చాలా సెమినోమాల్లో అవి పెరగవు. లివర్ జబ్బుల్లోనూ ఏఎఫ్‌పీ పెరుగుతుంది.

మార్కర్లు ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. ఒక ల్యాబు ఏఎఫ్‌పీని నానోగ్రాముల్లో, ఇంకొకటి యూనిట్లలో ఇస్తుంది. అంకె మారిందని జబ్బు పెరిగిందనో తగ్గిందనో అనుకునే ప్రమాదం ఉంది.

మూడోది, ముందుముందు పిల్లలు కావాలంటే పనికొచ్చేలా స్పెర్మ్ బ్యాంకులో వీర్యం దాచుకోవడం. దీని గురించి మన ఇళ్లలో ఎవరూ నోరెత్తరు, డాక్టర్లు కూడా హడావుడిలో మర్చిపోతారు. అడగాల్సింది మీరే. ఆపరేషన్‌కు ముందైతే మంచిది, కీమోకు (క్యాన్సర్ కణాలను చంపే మందుల వైద్యం) ముందు మాత్రం తప్పనిసరి. రెండు మూడు రోజులు స్ఖలనం లేకుండా ఉండి శాంపిల్ ఇవ్వాలి. వీలైతే రెండు మూడుసార్లు ఇవ్వండి. టైం లేకపోతే ఒక్కటైనా చాలు, ఎందుకంటే ఇక్సీ పద్ధతిలో (శుక్రకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించడం) ఒక్కో అండానికి ఒక్క శుక్రకణమే అవసరం. ఈ జబ్బు ఉన్నవాళ్లలో కణాల సంఖ్య ముందే తక్కువగా ఉండటం మామూలు, రిపోర్టు చూసి దాచడం దండగ అనుకోవద్దు. హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు అడుగుతారు. ఏటా కట్టాల్సిన ఫీజు ఎంతో, ఎన్నేళ్లు ఉంచుతారో రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్ నంబరు మారితే వాళ్లకు తెలపండి. పెళ్లికాని కుర్రాడైతే ఈ మాట మాట్లాడేటప్పుడు అమ్మానాన్నలు కాసేపు గది బయట కూర్చోవడమే మేలు.

చేయకూడనిది ఒకటుంది. తిత్తి మీదుగా సూది గుచ్చి ముక్క తీయించుకోవద్దు. కడుపులో ఉన్న బిడ్డకు వృషణాలు కిడ్నీల దగ్గర పుట్టి కిందికి దిగుతాయి. అందుకే వాటి నుంచి లింఫ్ ద్రవం పోయే దారి పైకి, కిడ్నీల పక్కనున్న గ్రంథులకే పోతుంది. తిత్తి చర్మం దారి వేరు, అది గజ్జల గ్రంథులకు పోతుంది. తిత్తిని గుచ్చినా కోసినా జబ్బుకు కొత్త దారి తెరిచినట్టే.

ఆపరేషన్

గజ్జల దగ్గర కోత పెట్టి వృషణాన్ని, అది వేలాడే తాడును పైదాకా కలిపి తీస్తారు. దీన్ని హై ఇంగ్వైనల్ ఆర్కిడెక్టమీ అంటారు. సంతకం పెట్టే ముందు కన్సెంట్ ఫారంలో 'ఇంగ్వైనల్' అన్న మాట ఉందో చూడండి. స్కానింగ్‌లో గట్టి గడ్డ అని ఉండి ఫారంలో హైడ్రోసీల్ (వరిబీజం) ఆపరేషన్ అని రాసుంటే ఆపి అడగండి. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. కొన్ని వారాలు బిగుతు డ్రాయరు వేసుకోవాలి, నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్ కూడా బరువు కిందికే వస్తాయి. ఖాళీ వెలితిగా అనిపిస్తే సిలికాన్ వృషణం పెట్టించుకోవచ్చు, అది తర్వాతైనా కుదురుతుంది.

తీసిన ముక్క తప్పనిసరిగా పాథాలజీ (ముక్క పరీక్ష) ల్యాబుకు వెళ్లాలి. రిపోర్టుతో పాటు ఆ ముక్కను దాచిన మైనపు బ్లాకులు, స్లైడులు మీరే తెచ్చుకోండి. క్యాన్సర్ ఆస్పత్రిలో మళ్లీ చదివిస్తే రకం మారడం కొత్తేమీ కాదు, రకం మారితే వైద్యం మారుతుంది.

ఇప్పటికే తిత్తి మీద కోత పడిపోయిందా? అంతా అయిపోయిందని కుంగిపోకండి. ఆపరేషన్ నోట్సు తీసుకుని వెంటనే ఆంకాలజిస్టును (క్యాన్సర్ డాక్టరును) కలవండి. ఆ మచ్చను, గజ్జలను కూడా లెక్కలో పెట్టుకుని చూస్తారు. ఊపిరితిత్తుల నిండా గడ్డలుండి ఆయాసంతో వచ్చినవాళ్లకు మాత్రం మార్కర్లు చూసి ముందు కీమో మొదలుపెట్టి, వృషణం తర్వాత తీస్తారు. వరుస మార్చడానికి న్యాయమైన కారణం ఇదొక్కటే.

స్టేజీ, ఎంపిక

ఛాతీకి, కడుపుకు సీటీ తీస్తారు. వృషణానికే పరిమితమైతే మొదటి స్టేజీ, కడుపులో వెనక గ్రంథులకు పాకితే రెండోది, ఊపిరితిత్తులకో ఇంకా దూరానికో వెళ్తే, లేదా మార్కర్లు మరీ ఎక్కువగా ఉండి గ్రంథులకు పాకితే మూడోది. నాలుగో స్టేజీ అనేది ఈ జబ్బుకు లేదు.

మొదటి స్టేజీలో చాలామందికి ఆపరేషనే వైద్యం. ఆ తర్వాత కనిపెట్టుకుని ఉంటే చాలు. సెమినోమాలో నూటికి 15 నుంచి 20 మందికి తిరగబెడుతుంది. నాన్ సెమినోమాలో గడ్డ రక్తనాళాల్లోకి చొరబడి ఉంటే దాదాపు సగం మందికి, లేకపోతే 15 శాతం మందికి. తిరగబెట్టినా కీమోతో దాదాపు అందరికీ నయమవుతుంది కాబట్టి 'చూస్తూ ఉందాం' అని డాక్టరు అంటే అది నిర్లక్ష్యం కాదు. కానీ చెప్పిన తేదీకి స్కానింగ్‌కు రాగలిగినవాళ్లకే ఈ దారి. గల్ఫ్‌లో పనిచేస్తూ రెండేళ్లకోసారి ఊరికి వచ్చేవాళ్లు, ఓడల మీద పనిచేసేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. అప్పుడు సెమినోమాకు ఒక డోసు కార్బోప్లాటిన్ కీమో, నాన్ సెమినోమాకు ఒక సైకిల్ (ఒక విడత) బీఈపీ అనే కీమో మాట్లాడుకోవచ్చు.

కీమో రోజుల్లో

పాకిన జబ్బుకు మందు బీఈపీ. బ్లియోమైసిన్, ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్ కలిపి 21 రోజులకో సైకిల్. మొదటి ఐదు రోజులు రోజూ సెలైన్, తర్వాత వారానికోసారి బ్లియోమైసిన్. ముప్పు తక్కువ ఉన్నవాళ్లకు మూడు సైకిళ్లు, మిగతావాళ్లకు నాలుగు. 1974లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో లారెన్స్ ఐన్‌హార్న్ సిస్‌ప్లాటిన్ కలిపి ఇవ్వడం మొదలుపెట్టేదాకా పాకిన వృషణ క్యాన్సర్‌తో బతికినవాళ్లు తక్కువ. 2012లో యువరాజ్ సింగ్ వైద్యం చేయించుకున్నదీ ఆయన దగ్గరే. యువరాజ్‌కు గడ్డ ఛాతీలో వచ్చింది కానీ జాతి ఇదే. కీమో తర్వాత మళ్లీ ఇండియాకు ఆడాడు, 2016లో ఐపీఎల్ గెలిచిన సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టులోనూ ఉన్నాడు.

సైకిళ్లు తేదీకి పడాలి. ఈ కీమోలో గట్టి నియమం ఇదే. తెల్లకణాలు తగ్గాయన్న ఒక్క కారణంతో, జ్వరం లేకపోతే, మామూలుగా వాయిదా వేయరు. డోసు తగ్గించినా తేదీలు జరిపినా నయమయ్యే అవకాశం తగ్గుతుంది. పండగనో, పెళ్లనో, మంచిరోజు కాదనో జరపొద్దు. ఒక సైకిల్ అవగానే గడ్డ కరిగి హాయిగా ఉందని మానేయడం అన్నిటికన్నా ప్రమాదం. ఇంకో మాట: మొదటి వారంలో మార్కర్లు ఒక్కసారి ఎగబాకవచ్చు. కణాలు చచ్చి పగిలినప్పుడు అలా జరుగుతుంది, మందు పనిచేయడం లేదని కాదు.

ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉండాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే డోలో వేసుకుని తెల్లారేదాకా చూడొద్దు. గంటలోపు ఆస్పత్రికి చేరండి. తెల్లకణాలు బాగా పడిపోయేది సైకిల్ మొదలైన సుమారుగా 10 నుంచి 14వ రోజు మధ్య. బ్లియోమైసిన్ వేసిన సాయంత్రం చలిజ్వరం రావడం సహజమే, అయినా ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పాకే నిశ్చింతగా ఉండండి.

సిస్‌ప్లాటిన్ కిడ్నీలకు దెబ్బ. దాన్ని కాయడానికే లీటర్ల కొద్దీ సెలైన్, మెగ్నీషియం ఎక్కిస్తారు. ఇంటికి వచ్చాక కూడా బాగా నీళ్లు తాగాలి. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ జ్వరానికి జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు వేయబోతే 'సిస్‌ప్లాటిన్ ఎక్కుతోంది' అని చెప్పి ఆపండి. రెండూ కలిస్తే కిడ్నీలతో పాటు చెవులూ దెబ్బతినే ముప్పు ఉంది. ఆకుపసర్లు, భస్మాలు ఈ మూడు నెలలు పక్కన పెట్టండి.

వాంతుల మందులు వాంతి వచ్చాక కాదు, రాకముందే వేసుకోవాలి. ఐదు రోజులు అయిపోయాక కూడా రెండు మూడు రోజులు కొనసాగించాలి. ఇంట్లో పథ్యం పేరుతో గుడ్డు, పెరుగు, పప్పు మాన్పించడం మామూలుగా జరిగే తప్పు. వండినది, వేడిది, తాజాది ఏదైనా తినొచ్చు. పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం మొదలైతే తర్వాతి బ్లియోమైసిన్ లోపలే చెప్పాలి, ఆ మందు ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. సిగరెట్ తాగేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ, మానడానికి ఇంతకన్నా మంచి రోజు రాదు. ఒక కాలు మాత్రమే వాచితే రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోండి. జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది.

కీమో అయ్యాక కడుపులో ముద్ద మిగిలితే నాన్ సెమినోమాలో ఒక సెంటీమీటరు దాటినదాన్ని ఆపరేషన్ చేసి తీస్తారు. మిగిలినది కీమోకు లొంగని టెరటోమా అనే రకం గడ్డ కావచ్చు. ఇది పెద్ద ఆపరేషన్, ఏడాదికి ఎన్ని చేస్తారో అడిగి చేయి తిరిగిన సర్జన్ దగ్గరకే వెళ్లండి. నరాలు దెబ్బతింటే భావప్రాప్తి ఉంటుంది కానీ వీర్యం బయటికి రాదు. సెమినోమాలో మూడు సెంటీమీటర్లు దాటిన ముద్దకు పెట్ స్కాన్ చేస్తారు, కనీసం ఆరు వారాలు ఆగాక. తొందరపడి తీస్తే వాపును క్యాన్సర్ అని చూపిస్తుంది.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఈ వైద్యానికి తెలిసిన ప్రభుత్వ రంగ ఆస్పత్రులు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆపరేషన్‌కు ముందే ఆస్పత్రిలోని సహాయ కేంద్రంలో పేరు నమోదు చేయించండి. వీర్యం దాచే ఖర్చు పథకంలో ఉందో లేదో విడిగా అడగండి.

తర్వాతి ఏళ్లు

తిరగబెట్టడం ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. అందుకే ఆ రెండేళ్లు మార్కర్లు, స్కాన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఐదేళ్ల దాకా తగ్గుతూ వస్తాయి. రెండో వృషణంలో వచ్చే అవకాశం సుమారు 2 శాతం, కాబట్టి చేత్తో చూసుకోవడం మానొద్దు.

ఒక వృషణంతో మగతనం, పిల్లలు రెండింటికీ మామూలుగా లోటు ఉండదు. అయితే నీరసం, కోరిక తగ్గడం, కండ కరగడం కనిపిస్తే ఉదయం 8 నుంచి 10 మధ్య రక్తం ఇచ్చి టెస్టోస్టెరాన్ చూపించండి. మధ్యాహ్నం ఇస్తే తక్కువ చూపిస్తుంది. తక్కువని తేలితే వైద్యం ఉంది, కానీ బయటినుంచి టెస్టోస్టెరాన్ వేసుకుంటే ఉన్న శుక్రకణాలు కూడా పడిపోతాయి. పిల్లలు కావాలనుకుంటే ఆ మాట ముందే చెప్పండి. కీమో తర్వాత కనీసం ఏడాది పాటు గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు దాచడం కన్నా, నిశ్చయం కాకముందే ఆంకాలజిస్టు రాసిచ్చిన ఉత్తరం, వీర్య పరీక్ష రిపోర్టు చూపించి మాట్లాడటం మంచిది. తర్వాత బయటపడితే జబ్బు కన్నా దాచడమే గొడవవుతుంది.

కీమో అయినవాళ్లకు ఏళ్లు గడిచాక గుండెజబ్బు, బీపీ, కొలెస్ట్రాల్ ముప్పు తోటివాళ్ల కన్నా ఎక్కువ. ముప్పై దాటకముందే అయినా ఏటా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. చలికి వేళ్లు తెల్లబడటం, పాదాల తిమ్మిరి, చెవుల్లో హోరు కొందరిలో ఉండిపోతాయి. ఏ ఆపరేషన్‌కు మత్తు ఇవ్వబోయినా 'బ్లియోమైసిన్ తీసుకున్నాను' అని మత్తు డాక్టరుకు చెప్పాలి, ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులు దెబ్బతినొచ్చు. ఈ ఒక్క మాట కాగితం మీద రాసి ఆధార్ కార్డుతో పాటు పర్సులో పెట్టుకోండి.

ఇంట్లో అన్నదమ్ములకు గడ్డ ఎలా చూసుకోవాలో చెప్పండి. పుట్టిన మగబిడ్డకు ఆరు నెలలు నిండినా వృషణం దిగకపోతే 'అదే దిగుతుందిలే' అని ఆగకుండా పిల్లల సర్జన్‌కు చూపించండి. ఆపరేషన్ ఏడాదిన్నర లోపు అయిపోవాలి.